వేళకాని కూత

విద్యార్థినుల వసతిగృహం, వరంగల్
జూలై 2008

మధు అన్నకు,

క్షేమసమాచారాలతో ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాదను ఈసారి పక్కన పెడుతున్నాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఫోనులో అయితే నువ్వు ‘ఆఁ, సరే, మంచిది’ అంటూ తప్పించుకుంటావు. కాగితం మీద తప్పించుకున్నవాడి అడుగుజాడలు మిగులుతాయి. అందుకు.

నిన్న ఇక్కడ వాదపోటీ జరిగింది. విషాద నాటకంలో ప్రకృతి క్రమం తప్పడమెందుకన్నది విషయం. రాజు రక్తం చిందగానే పట్టపగలు గుడ్లగూబ అరుస్తుంది, ఏరు ఎదురు పారుతుంది, గుర్రాలు కట్లు తెంచుకుంటాయి. లోకమంతా ఒకే శరీరం కనుక ఒకచోట గాయమైతే అంతటా నొప్పి పుడుతుందని ఎదుటి పక్షం వాదించింది. వినడానికి బాగుంది. అందుకే నాకు నచ్చలేదు. నేను లేచి మన ఊరి భాగోతం గురించి చెప్పాను. రాజును మోసగించే ఘట్టం రాగానే తెర వెనుక అర్ధరాత్రి కోడి కూస్తుంది. వేషగాళ్లు చెవులు మూసుకుంటారు. వేళకాని కూత విన్నవాళ్లు లేచిపోకూడదు, అసలు కోడి కూసేదాకా కూర్చోవలసిందేనని కట్టుబాటు. అయితే అయ్యలారా, ఆ కూసేది కోడి కాదు, మా చిన్నాయన శివశంకర్ అన్నాను. సభ గొల్లుమంది. “అపశకునం ఆకాశం నుంచి దిగదు. ప్రతి అపశకునం వెనుకా ఒక గొంతు ఉంటుంది. తెర ఎత్తి చూడండి” అని ముగించాను. గెలిచాను.

బహుమతి పట్టుకొని వేదిక దిగుతూ మెట్ల మీదే ఆగిపోయాను.

మేలో తాత పోయినప్పుడు మీ నాన్న, అదే చిన్నాయన, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు: “కోడి కూసినంక లేసి చెలకకు పోయిండు. కొత్త రోడ్డుకు తవ్విన బొందల పడ్డడు.” నేనూ నమ్మాను. తొలికోడికి లేచి, చెలకలో కొత్తిమీర కోసి, తెల్లవారేసరికి శంషాబాదు అంగడికి చేర్చడం తాత పద్ధతి. గడియారాన్ని ఆయన ఏనాడూ నమ్మలేదు. కానీ తాతను బొందలో మొదట చూసినవాడు ఆటో నడిపే ఎజాజ్ భాయి కదా. దినాల నాడు ఆయన నాతో అన్న మాట ఇప్పుడు గుర్తుకొచ్చింది: “దుబాయ్ సవారీని దింపి ఖాళీగ వస్తున్నమ్మా. రెండు గూడ కాలే. అప్పటికే తాత ఒళ్లు సల్లగైంది.”

రెండు కాకముందు ఏ కోడి కూసింది, అన్నా?

నీ చెల్లెలు
శిరీష

*

శంషాబాదు
జూలై 2008

చెల్లె శిరీషకు మధు రాయునది.

నీ అంత చక్కగా రాయడం నాకు రాదు. నడుమ మన మాట దూరితే నవ్వకు. బహుమతి వచ్చినందుకు సంతోషం. మా బాపు పేరు అంత పెద్ద సభలో పలికినందుకు ఇంకా సంతోషం, గెలవడానికే పలికావనుకో.

విమానాశ్రయంలో సరుకు దించే పనిలో నాకు ఎప్పుడూ రాత్రి పాళీయే. మొన్న అట్టపెట్టెల నిండా కోడిపిల్లలు దిగాయి. దీపాల వెలుగుకు అన్నీ ఒక్కసారే కిచకిచలాడుతుంటే మా మేస్త్రీ “అరె, మీకన్న తెల్లారింది రా, మాకు తెల్లారత లేదు” అన్నాడు. పగలు కిరాయి గదిలో కిటికీకి గోనెపట్ట కట్టి పడుకుంటున్నా. నా ఒంటికే వేళ తప్పిపోయింది.

తాత సంగతి అడిగావు. తాతకు వయసు మీరింది, చూపు ఆనేది కాదు. ఎజాజ్ భాయి ఆ పరేషాన్‌లో టైము చూసుకున్నాడో లేదో. కోడి కూసిందని బాపు అన్నాడంటే కూసే ఉంటుంది. ఇప్పుడు తవ్వితే ఏం ఫాయిదా? అడుగుదామన్నా ఇంట్లో పుంజులు కూడా లేవు. మట్టి చేసిన మరునాడే బాపు అన్నిటినీ కోయించి ఊరి బయట పారేయించాడు. కూర కూడా వండనీయలేదు.

వానలు పడుతున్నాయి. గొడుగు మరిచిపోకు.

మధు

*

వరంగల్
ఆగస్టు 2008

అన్నా,

గొడుగు ఉంది. నీ ఉత్తరం చదువుతుంటే లేనట్టే అనిపించింది.

మట్టి చేసిన మరునాడే పుంజులను కోయించాడా? అవి చేసిన తప్పేమిటి? కూర కూడా వండనీయలేదంటే ఆకలి కారణం కాదు, విందు కారణం కాదు. మిగిలేది ఒక్కటే. ‘మీ ఇంటి కోడి ఏ వేళకు కూస్తుందో వినిపించు’ అని ఎవరైనా అడిగితే వినిపించడానికి కోడి ఉండకూడదు. సాక్షులను దాచే నేరస్థుల గురించి చదివాను. సాక్షులను కోసి పారేసినవాడిని మన ఇంట్లోనే చూస్తున్నాను.

ఆ నడిరాత్రి కూత కోడిది కాకపోతే ఎవరిది? మన మంఖాల్ చుట్టుపక్కల అంత నిక్కంగా కూయగల గొంతు ఒక్కటే ఉంది. చెలక కొత్త రోడ్డుకు అవతల పడింది, అమ్మేద్దామని మీ నాన్న; ప్రాణం ఉండగా అమ్మనని తాత. ఆ సాయంత్రం కూడా గొడవ జరిగింది. పక్కింటి రాములమ్మ నాకు అప్పుడే చెప్పింది. “పో, పోయి ఆ బొందలనే పడి సావు!” అన్నాడట మీ నాన్న. ఆ రాత్రే తాత పోయి ఆ బొందలోనే పడ్డాడు. ఇంత సరిగ్గా ఫలించే శాపం నాటకంలో కూడా దొరకదు.

అమ్మానాన్నలు లేని నన్ను తాత భుజాల మీద పెంచాడు. ఆయన కోసం వాదించడానికి నేను తప్ప ఎవరున్నారు? పోయినవాళ్ల పేరున బియ్యమిచ్చే అమావాస్య, పెత్రమాస నాడు పాలివాళ్లంతా మన ఇంటికి వస్తారు. ఒక మాట చెప్పేది ఉందని పెద్దలకు ఈరోజే కబురు పంపాను. తాత పేరున బియ్యం ఇచ్చే చేయి చిన్నాయనది కాకూడదు. ఎందుకు కాకూడదో అందరి ముందూ చెబుతాను. ఆపైన ఆయన ఆ ఇంట్లో, ఆ ఊళ్లో ఎలా తలెత్తుకుంటాడో చూస్తాను.

నువ్వు ఒక్కటే చెప్పు. ఆ రాత్రి మీ నాన్న ఎక్కడ ఉన్నాడు?

శిరీష

*

శంషాబాదు
ఆగస్టు 2008

చెల్లె,

పుస్తకం మూసి విను.

నీకు జ్వరమొస్తే తుక్కుగూడ దవాఖాన దాకా సైకిలు మీద కూర్చోబెట్టుకొని తొక్కినవాడు మా బాపు. నువ్వు దారి పొడుగునా ఆయన వీపు మీద వాంతి చేసుకుంటే “మంచిగైంది, సల్లగున్నది” అన్నాడు. ఆ మనిషిని పాలివాళ్ల ముందు నిలబెడతానంటావా?

‘సావు’ అన్న మాట పట్టుకున్నావు. మన ఇంట్లో ఆ మాట ఎవరు ఎవరిని అనలేదు? తాత నిన్ను పొద్దున లేపేటప్పుడు “లెవ్వే పీనుగా” అనలేదా? ఆయన మీద అప్పుడు కేసు పెట్టావా?

ఆ రాత్రి నేను పనిలో ఉన్న. బాపు ఎక్కడ ఉన్నాడో నాకు తెల్వదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన రాత్రిపూట ఇంట్లో పండుకోడు కాబట్టి

ఆ మాట వదిలెయ్యి. కొట్టేస్తే ఇంకా గట్టిగా కనపడుతుందని కొట్టెయ్యలేదు. నువ్వు పెద్ద చదువు చదివినదానివి, మనసు కూడా పెద్దది చేసుకో.

మధు

*

వరంగల్
సెప్టెంబరు 2008

అన్నా,

వదలమన్న మాటనే పట్టుకోవడం నాకు అలవాటు. నా ప్రత్యర్థులను అడుగు.

రాత్రిపూట ఇంట్లో పడుకోని మనిషి ఎక్కడికి పోతాడు? నువ్వు చెప్పవు కనుక రాములమ్మకు ఫోను చేశాను. “మీ చిన్నాయన రాత్రంత ఆ బొంద కాడనే కూసుంటడు బిడ్డా. ఇగ కోడి లెక్క కూస్తడు. మేమందరం...” అంటోంది. నాకు అంతవరకు చాలు. ఫోను పెట్టేశాను. కావలసిన సాక్ష్యం రాగానే సాక్షిని ఆపడం వాదించేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం.

నిద్రలేని హంతకుడు చేసిన చోటికే తిరిగి వస్తాడని, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తాడని పుస్తకంలో చదివినప్పుడు కవి అతిశయమనుకున్నాను. కాదన్నమాట. మంఖాల్ బాట మీద, తాత పడిన గుంత గట్టు మీద కూర్చొని, తాతను లేపిన కూతనే మీ నాన్న ప్రతిరాత్రీ కూస్తున్నాడు.

ఇంకొక మాట. నీ రెండో ఉత్తరం మళ్లీ చదివాను. తండ్రి నిర్దోషి అని నమ్మిన కొడుకు నన్ను నాలుగు తిట్టి ఊరుకుంటాడు. నువ్వు తిట్టావు, వేడుకున్నావు, చివరికి ఒక వాక్యాన్ని సగంలో విడిచి పారిపోయావు. నీది కోపం కాదు, అన్నా. భయం.

శిరీష

*

శంషాబాదు
సెప్టెంబరు 2008

చెల్లె,

అవును. భయమే.

బాపు గొంతు నీకంటే నాకు ఎక్కువ తెలుసు. చిన్నప్పుడు ఆయన పెరట్లో నిలబడి కూస్తే మన పుంజు తడిక ఎక్కి తిరిగి కూసేది. వానలు మొదలైనంక ఒక్కసారి సెలవు దొరికి రాత్రి ఇంట్లో పడుకున్న. మెలకువ వచ్చి చూస్తే బాపు మంచం ఖాళీ. దూరంగా బొంద దిక్కు నుంచి కూత వినిపించింది. ఊళ్లో ఎవరైనా కోడి అనుకుంటారు. నేను అనుకోలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్న. లేవలేదు. పొద్దున బాపు వచ్చి చాయ్ తాగుతుంటే అడగలేదు. అప్పటి నుంచి పగలు పోయి పగలే వస్తున్న. నేను పోయినప్పుడు ఇంట్లో ఎవరైనా ఆ ముచ్చట ఎత్తితే లేచి బయటికి పోతున్న.

నువ్వు నీ వాదంతో ఆయనను అనుమానించావు. నేను ఏ వాదం లేకుండానే అనుమానించిన. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

పెత్రమాసకు నేను రాను. పాళీ మార్చుకోవచ్చు, మార్చుకోను. నువ్వు ముందురోజే పో. పాలివాళ్ల ముందు కాదు, ముందు ఆయనను ఒక్కణ్ణే అడుగు. అవునంటే ఒక్క ఫోను కొట్టు, డ్యూటీ మధ్యలనే వచ్చి నీ పక్కన నిలబడతా, మా బాపే అయినా సరే. కాదంటే, ఇగ నా మొహం ఆయనకు ఎట్ల చూపించాలో అది కూడా నువ్వే చెప్పాలె.

మధు

*

మంఖాల్
పెత్రమాస, 2008

మధు అన్నకు,

నిన్న పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. బస్సులో దారి పొడుగునా ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. మొదటి వాక్యం ఎంత పదునుగా వచ్చిందంటే దాన్ని పలికే క్షణం కోసం తొందరపడ్డాను. ఆ తొందర కూడా నీకు చెప్పాలి. తాత కోసమే వచ్చానని నన్ను నేను నమ్మించుకున్నాను, కానీ అందులో సగం ఆ వాక్యం కోసమే వచ్చాను.

చిన్నాయన కనబడలేదు. “గాడికే పోయిండు, ఇంకెటు పోతడు” అంది చిన్నమ్మ. అడగబోతే అటు తిరిగి పడుకుంది. నేను అరుగు మీద పడుకున్నాను.

కోడి కూసింది. మన ఇంట్లో కోళ్లు లేవు కదా, పక్కింట్లోది. వెంటనే ఇంకొకటి, ఆపైన ఊరంతా. లేచి కూర్చున్నాను. చెలక దిక్కున ఆకాశం తెల్లగా ఉంది. తెల్లవారిపోతోంది, చిన్నాయన ఇంటికి వచ్చేస్తే అందరి ముందూ మాట్లాడవలసి వస్తుందని చెప్పులు వేసుకొని బాట పట్టాను. వాడవాడలా కోళ్లు కూస్తుంటే చేతిలో ఉన్న ఫోనులో వేళ చూడాలని ఎవరికైనా తోస్తుందా? నాకు తోచలేదు. గడియారం లేని మనిషి మనవరాలిని, గడియారం ఉండీ ఆయనలాగే నడిచాను.

“ఎవరది? ఆడ్నే ఆగు! తెల్లారలే!”

ఆగాను. ముందు ఒక లాంతరు లేచింది. దాని అవతల నేల లేదు. ఇంకా నాలుగడుగులు వేస్తే నేనూ అందులోనే ఉండేదాన్ని.

“నేను చిన్నాయనా, శిరీషను.”

“నువ్వా బిడ్డా? ఎప్పుడొచ్చినవే?” లాంతరు కిందికి దించాడు. గడ్డం పెరిగి ఉంది, భుజం మీద గోనెసంచి. “కూసో. వేళగాని కూత ఇన్నోళ్లు లేసి పోవద్దని తెల్వదా? ఇన్ని భాగోతాలు జూసినవు.”

అప్పుడు చూశాను. ఆకాశం తెల్లబడింది తూర్పున కాదు. గుట్ట మీద, రోడ్డు గుత్తేదారు కంకర కుప్పలు పోసిన చోట, పొడుగాటి స్తంభాలకు కట్టిన దీపాలు. అమావాస్య చీకట్లో గుట్ట వాలు మొత్తం తెల్లవారినట్టే ఉంది.

“టిప్పర్లు వచ్చినప్పుడు ఏస్తరు, పోంగనె ఆర్పుతరు. కోళ్లకేమెరుక?” అన్నాడు చిన్నాయన. “తాత పోయిన రాత్రే తొల్సారి ఏసిండ్రు. కూత ఇని నేను గూడ లేసిన. ఒళ్లు బరువుగున్నదని మళ్ల పండుకున్న. ఆయన పండుకోలే.” తాత పడ్డాక ఊరివాళ్లు గొడవ చేస్తారని భయపడి పని ఆపేశారట. వానలు మొదలయ్యాక మళ్లీ వెలిగించారట. దినాలు అయ్యేదాకా నేను ఊళ్లోనే ఉండి కూడా ఆ కూత ఎందుకు వినలేదో అప్పుడు అర్థమైంది.

అయినా అడిగాను. అడగడానికే వచ్చాను కనుక, అనుమానం అంత సులభంగా చావదు కనుక.

“ఆ రాత్రి కూసింది నువ్వా, చిన్నాయనా?”

లాంతరు ఎత్తి నా ముఖం చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు, అన్నా.

“నేను కూస్తే మీ తాత లేస్తడా? ఆ కూత నేర్పిందే ఆయన. ఆయన ముందల మద్దెల గొట్టుకుంట కూసునేటోడు, నేను తెర ఎన్క కూసేటోన్ని. జర ఎక్కువ తక్కువైతే మద్దెల ఇడ్సి వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చేటోడు. నడినిద్రల ఇన్నా ‘శివుడు కూస్తుండు’ అని అటు తిరిగి పండుకుంటుండె. మీ తాతను మోసం జెయ్యాలంటె నాతోని గాదు బిడ్డా. అసలు కోడే గావాలె.”

సభలను గెలిచే నాకు ఈ ఒక్క మాట తోచలేదు. ప్రతి కూత వెనుకా గొంతు వెదికాను గాని, విన్న చెవి ఎవరిదో ఒక్కసారీ ఆలోచించలేదు.

“మరి పుంజులను ఎందుకు కోయించావు?”

“అవేం జేసినయి పాపం. గుట్ట మీదికి పోతే వాచ్‌మెన్ గేటు తియ్యలే. ఇంటికొస్తే అవి కనవడ్డయి.”

“సాయంత్రం తాతను ‘పడి సావు’ అన్నావట.”

ఈసారి నవ్వలేదు. లాంతరు వత్తి తగ్గించి, మళ్లీ పెంచాడు.

“అన్న. ‘బొంద తవ్విండ్రు, చీకట్ల పోకు, పోకు’ అని దినాం మొత్తుకుంటుంటి. ఏనాడు నా మాట ఇనలే. ఆ ఒక్క మాట ఇన్నడు.”

అన్నా, విషాద నాటకంలో ముందు పాపం జరుగుతుంది, ఆ తరువాత లోకం క్రమం తప్పుతుంది. ఆ వరుసను నేనూ నమ్మాను, నా ప్రత్యర్థులూ నమ్మారు. తగువు కారణం గురించే. మంఖాల్‌లో వరుసే తారుమారైంది. ముందు రాత్రి పగలయింది, కోడి వేళ తప్పింది, అది నమ్మిన ముసలాయన పోయాడు. పాపి కోసం వెదికితే దొరికింది నేను ఒక్కదాన్నే: క్రమం తప్పిందంటే ఇంట్లో ఎవరో పాపం చేసి ఉండాలని పట్టుబట్టినదాన్ని.

దీపాలు ఆరిపోయాయి. కోళ్లు మూగబోయాయి. మేము కూర్చున్నాం. “మధుగాడు రాత్రిపూట ఇంటికి ఎందుకు వస్తలేడో నీకేమన్న చెప్పిండా?” అని అడిగాడు. చెప్పలేదన్నాను. ఆ ఒక్క అబద్ధం నీ కోసం ఆడాను.

చివరికి తూర్పున చెట్ల తలలు విడివిడిగా కనబడ్డాయి. నేను చెవులు రిక్కించాను. అసలైన తెల్లవారుజామున ఒక్క కోడీ కూయలేదు. రాత్రే కూసి అలసిపోయాయి. చిన్నాయన లేచాడు, గోనెసంచి తీసి గట్టు మీద పెట్టాడు, నోటి పక్కన అరచెయ్యి ఆనించి ఊరి వైపు తిరిగి కూశాడు. నిడుపుగా, రెండుసార్లు విరిచి, తాత నేర్పినట్టే. ఊళ్లో ఒక తలుపు చప్పుడైంది. ఇంకొకటి. కాసేపటికి రాములమ్మ నెత్తిన గంపతో, మరో ఇద్దరు ఆడవాళ్లతో బాట మీద వచ్చింది. “మొన్న ఫోన్ల ముచ్చట పూర్తి గానే లేదు, పెట్టేస్తివి. మేమందరం ఇప్పుడు మీ చిన్నాయన కూతకే లేస్తున్నం అని చెప్దామనుకున్న” అంది, చీకట్లో నాకు ఆనని ఇరుకు పలకల మీదుగా బొందను జాగ్రత్తగా దాటుతూ.

మధ్యాహ్నం పాలివాళ్లు వచ్చారు. బియ్యం, కూరగాయలు చాటలో సిద్ధమయ్యాయి. పెద్దాయన సత్తయ్య తాత నన్ను పిలిచి, “ఏందమ్మా, ఏదో చెప్పేదున్నదని వరంగల్ నుంచి కబురు పంపితివి?” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. చిన్నాయన చూడలేదు. చాట అంచున ఉన్న గింజలు లోపలికి నెడుతున్నాడు.

“తాత పేరున బియ్యం చిన్నాయనే ఇవ్వాలని చెప్పడానికి” అన్నాను.

“గది మాకు తెల్వదా? గంత దానికి సభ పెట్టాల్నా?” అన్నాడు సత్తయ్య తాత. అందరూ నవ్వారు. నా జీవితంలో ఒక సభ నన్ను చూసి అలా నవ్వడం అదే మొదలు.

మొహం ఎట్ల చూపించాలని అడిగావు. పగలు రాకు. పగలైతే మీ ఇద్దరూ చాయ్ తాగి, వానల గురించి మాట్లాడుకొని లేచిపోతారు. రాత్రి రా, బాటన రా. బొంద దగ్గర “ఎవరది” అంటాడు. పేరు చెప్పు. కూర్చోమంటాడు. కూర్చో.

నీ చెల్లెలు
శిరీష